ఆ చిన్న మాత్ర వెనక మన సుబ్బారావు గారు

పోయిన వేసవిలో మా వదినకి పొట్ట ఉబ్బరం మొదలైంది. మామిడికాయ పప్పు ఎక్కువ తిన్నానేమోలే అనుకుంది. వాము నమిలింది, సోడా తాగింది. రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయేది. వయసు మీద పడుతోంది, అరుగుదల తగ్గింది అని తనకి తనే సర్దిచెప్పుకుని మూడు నెలలు గడిపేసింది. చీర కుచ్చిళ్ళు నిలవనంతగా పొట్ట పెరిగాక నేనే పోరుపెట్టి బెజవాడ తీసుకెళ్ళాను. స్కానింగు, రక్తపరీక్ష అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. అండాశయ కేన్సర్. అప్పటికే కడుపులో పాకింది.

తోట్లవల్లూరు తిరిగొచ్చేదాకా కరకట్ట రోడ్డు పొడుగునా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. మనిషి ఒంట్లోని రక్తకణాలనే బయటికి తీసి, వాటికి కేన్సర్‌ని గుర్తుపట్టడం నేర్పి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించే వైద్యం వచ్చిందట. కార్-టి అంటారట. ఎంతైనా సరే అమ్మకి అదే చేయిద్దాం అత్తా, అవసరమైతే లంకలో ఉన్న ఎకరం అమ్మేద్దాం అన్నాడు. అన్నయ్య వెంటనే సరేనన్నాడు. వదిన మాత్రం నా వంక చూసింది. నేను పంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని గనక ఇలాంటివన్నీ నాకు తెలుస్తాయని ఆవిడ నమ్మకం.

నిజానికి నాకేం తెలుసు? తెలుసుకుందామని కూర్చున్నాను. మేనల్లుడు పంపిన కాగితాలు చదివాను, అర్థంకానివి డాక్టరమ్మని అడిగాను. అండాశయ కేన్సర్ మీద ఈ వైద్యాన్ని తొలిరోజుల్లో ప్రయత్నించినప్పుడు ఆ కణాలకి దేన్ని గురిగా చూపించారో తెలిసి ఆశ్చర్యపోయాను. మన కణాలు ఫోలిక్ యాసిడ్‌ని లోపలికి తీసుకునే తలుపు! కడుపుతో ఉన్నవాళ్ళకి నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసుండేదే ఆ ఫోలిక్ యాసిడ్. ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మా ఊరి నుంచి గుడివాడ చేరి రైలెక్కితే భీమవరం ఎంతసేపు!

పేరు అందరం విన్నదే. కానీ ఆయన జీవితం మనలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ వారం ఆయన కథ.

తల్లి నగలతో చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటి నిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. తల్లి వెంకమ్మ గారు మాత్రం కొడుకు చదివి తీరాలని పట్టుబట్టింది. కొడుక్కేమో చదువు మీద ధ్యాసే లేదు. పదమూడేళ్ళ వయసులో, కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి బయల్దేరాడు! మా లంకల్లో అరటి గెలలు లారీలకి ఎత్తుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి నవ్వొస్తుంది. వెంకమ్మ గారు కొడుకుని వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. ఒంటి మీది నగలు అమ్మి చదివించింది.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కాడు. ఇవాళ పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోతే పిల్లల్ని మాటలతో పొడిచేసే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కాలేజీలో ఉండగా మనసు సన్యాసం మీదికి మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠంవాళ్ళు కూడా ముందు వైద్యం చదవమనే సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళడం తెల్లదొర ప్రొఫెసరుకి కంటగింపైంది. ఫలితంగా రావలసిన ఎం.బి.బి.ఎస్. రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికిచ్చి పంపారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. పురుషోత్తం, కృష్ణమూర్తి అని ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. స్ప్రూ అంటారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. వైద్యం చదువుతూ కూడా తోడబుట్టినవాళ్ళని కాపాడుకోలేకపోవడం ఎలాంటి బాధో, ఇంట్లో రోగిని పెట్టుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. లక్ష్మీపతి గారంటే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన రుక్మిణమ్మ గారి భర్త. పాఠాలు చెబుతున్నా సుబ్బారావు గారి దృష్టంతా పరిశోధన మీదే. అందుకు అమెరికా వెళ్ళాలి.

శేషగిరి గారి నిరీక్షణ

1919లో ఆయనకి శేషగిరి గారితో పెళ్ళైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకీ, ప్రయాణానికీ డబ్బు సాయం చేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా ఆదుకుంది. 1920ల మొదట్లో భార్యని పుట్టింట ఉంచి ఓడెక్కారు. చదువు పూర్తికాగానే తిరిగొస్తారనే అంతా అనుకున్నారు.

ఆయన మళ్ళీ రాలేదు. ఆయన వెళ్ళాక ఇక్కడ కొడుకు పుట్టాడు. నెలల పిల్లాడుగా ఉండగానే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డని ఎత్తుకున్నదీ లేదు, చూసిందీ లేదు. శేషగిరి గారు ఒంటరిగా మిగిలిపోయారు.

పెద్దమనుషుల జీవిత కథల్లో ఇలాంటి సంగతులు ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నేను అలా దాటలేకపోతున్నాను. ఆయన కనిపెట్టించిన మందులు లోకంలో ఎన్నో ఇళ్ళు నిలబెట్టాయి, నిజమే. ఆ లెక్కలో శేషగిరి గారు పోగొట్టుకున్నది కూడా రాయాలి కదా! ఆయన్ని తప్పుపట్టాలని కాదు. ఆవిడని మరిచిపోకూడదని.

మలమూత్రాల పళ్ళేలు కడిగిన చేతులు

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరినా జరుగుబాటు లేదు. మన ఎల్.ఎం.ఎస్.తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో కూలి పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పళ్ళేలు కడగడం ఆ పనిలో భాగం. పగలు మాత్రం ప్రయోగశాల.

అక్కడే ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ పెట్టారు. వైద్య విద్యార్థులు తరతరాలుగా ఆ పేరు చదువుతూనే ఉన్నారు. తర్వాత ఒంటికి శక్తి ఎక్కణ్ణించి వస్తుందనే ప్రశ్న పట్టుకున్నారు. కండరాల్లో ఉండే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వేరుచేసి చూపించారు. మనం చెయ్యెత్తినా, కన్నార్పినా ఖర్చయ్యే ఇంధనం అదే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి మారి, అక్కడ పరిశోధనలకి పెద్ద అయ్యారు.

బొంబాయి మిల్లు ఆడవాళ్ళు, మన ఫోలిక్ యాసిడ్

ఇక్కడ కథ ఒకసారి బొంబాయి వెళ్ళాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం చాలక పాలిపోయి, ప్రాణాల మీదికి తెచ్చుకోవడం చూసింది. వాళ్ళ తిండిలో ఏదో లోపించిందని పట్టుకుంది. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే పదార్థం తినిపిస్తే వాళ్ళకి రక్తం పట్టింది. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో ఉన్న గుణం ఏమిటో మాత్రం అప్పటికి తెలియలేదు. పదేళ్ళ తర్వాత ఇంకొందరు శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. బండెడు ఆకుకూరకి చిటికెడు కూడా వచ్చేది కాదు.

సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అప్పటినుంచి అది మాత్రగా అందరికీ అందే వస్తువైంది. అది స్ప్రూ జబ్బుకి కూడా పనిచేసింది. అన్నదమ్ములిద్దర్నీ మింగిన జబ్బుకి మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. కాకపోతే పాతికేళ్ళు ఆలస్యంగా.

కడుపుతో ఉన్నవాళ్ళకి దీని విలువ అక్కడితో అయిపోలేదు. గర్భం రాకముందు నుంచీ, వచ్చిన మొదటి నెలల్లోనూ ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే పుట్టే బిడ్డకి వెన్నెముక, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది.

బెడిసికొట్టిన మందే దారి చూపింది

ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని పెంచుతుంది కదా, రక్తకేన్సర్ వచ్చిన పిల్లలకి ఇస్తే మంచిదేమో అని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అనుకున్నారు. ఇచ్చి చూశారు. తీరా చూస్తే జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది! కేన్సర్ కణాలు పిల్లల కణాల్లా పుట్టుకొస్తూనే ఉంటాయి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అంటే మందు అనుకున్నది జబ్బుకే మేతగా మారింది.

ఇంకెవరైనా అక్కడితో వదిలేసేవారు. ఫార్బర్ మాత్రం దీన్ని తిరగేసి ఆలోచించారు. ఇస్తే జబ్బు పెరుగుతోందంటే, అందకుండా చేస్తే తగ్గాలి కదా! సుబ్బారావు గారి బృందం అందుకు తగ్గ సరుకు తయారుచేసి పంపింది. చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది గానీ కాదు. తాళంలో దూరి ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది. అది దూరాక అసలు తాళంచెవి పట్టదు, కణం పెరగలేదు. అమినోప్టెరిన్ అనే ఆ మందుని 16 మంది పిల్లలకి ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అప్పటిదాకా వారాల్లో చనిపోయే పిల్లలు లేచి ఆడుకున్నారు. జబ్బు మళ్ళీ తిరగబెట్టిన మాట నిజమే. అయినా మందుతో కేన్సర్‌ని లొంగదీయవచ్చని నమ్మకం కుదిరింది. ఇవాళ మనం కీమో అని పిలిచే వైద్యానికి అదొక పెద్ద మొదలు.

దాని చెల్లెలే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో ఆ మందుతో ఆడవాళ్ళకి వచ్చే ఒక భయంకరమైన కేన్సర్ నయమైంది. మాయ కణాల నుంచి, ఒక్కోసారి ముత్యాల గర్భం తర్వాత వచ్చే జబ్బు అది. గడ్డగా పెరిగే కేన్సర్ ఒకటి కేవలం మందుతో నయమవడం అదే మొదలు. ఇవాళ ఎంతోమంది ఆడవాళ్ళు కీళ్ళవాతానికి వాడేదీ ఆ మందే. వారానికి ఒక్కసారి అది, డాక్టరు చెప్పిన ఇంకో రోజున ఫోలిక్ యాసిడ్. నా డబ్బాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ సుబ్బారావు గారి గుమ్మం దాటి వచ్చినవే అని ఇన్నాళ్ళూ తెలియకుండానే మింగాను.

మన డెల్టాకి ఆయన చేసిన మేలు ఇంకోటుంది. బోదకాలు! ఆ మధ్య ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర కూడా 1947లో ఆయన ఆధ్వర్యంలో బయటపడ్డ మందే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది కూడా ఆ ప్రయోగశాల నుంచే.

ఆ ఏడాదే, ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు కన్నుమూశారు. యాభై మూడేళ్ళు. నోబెల్ రాలేదు. బతికుండగా సొంతగడ్డ మీద ఆయన పేరు తెలిసినవాళ్ళే తక్కువ. శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది.

తలుపు అదే, తట్టే చేతులు కొత్తవి

ఇప్పుడు మా వదిన సంగతికి వస్తాను. ఫోలిక్ యాసిడ్‌ని లోపలికి తీసుకోవడానికి కొన్ని కణాల మీద ప్రత్యేకమైన తలుపులుంటాయి. అండాశయ కేన్సర్ కణాల్లో చాలావాటి మీద ఆ తలుపులు లెక్కకి మించి ఉంటాయని 1991 నాటికి తేలింది. శత్రువు ఇంటికి గుర్తు దొరికినట్టైంది.

కార్-టి వైద్యంలో రోగి రక్తం నుంచి టి కణాలు వేరుచేస్తారు. ఒంట్లో కాపలా కాసే తెల్లకణాల్లో ఒక రకం ఇవి. వాటిలోకి ఒక కొత్త జన్యువుని ఎక్కిస్తే వాటి ఒంటి మీద ఒక కొక్కెం మొలుస్తుంది. గుర్తున్న కణం కనబడగానే కొక్కెం దాన్ని పట్టుకుంటుంది, టి కణం చంపేస్తుంది. అలాంటి కణాల్ని కోట్లలో పెంచి తిరిగి రోగికి ఎక్కిస్తారు.

అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో ఫోలిక్ యాసిడ్ తలుపుని గురిగా పెట్టి, అండాశయ కేన్సర్ ఉన్న 14 మందికి ఇలా చేసి చూశారు. 2006లో ఫలితం చెప్పారు. ఒక్కరికీ గడ్డ తగ్గలేదు. ఎక్కించిన కణాలు గడ్డ దాకా సరిగా చేరలేదు, ఒంట్లో ఎక్కువ కాలం నిలవలేదు.

రక్తకేన్సర్లలో కొన్నిటికి మాత్రం ఈ వైద్యం బాగా పనిచేసింది. అమెరికాలో 2017లో మొదటిసారి అనుమతి వచ్చింది. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ కలిసి మన దేశంలోనే తయారుచేసిన దానికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అది కూడా రక్తానికీ, లింఫు గ్రంథులకీ వచ్చే కేన్సర్లకే. రక్తంలో తిరిగే కణాన్ని పట్టుకోవడం వేరు, గడ్డలో కోట కట్టుకుని కూర్చున్నదాన్ని పట్టుకోవడం వేరు. అండాశయ కేన్సర్‌కి కార్-టి ఇది రాసేనాటికి ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది.

అయితే ఆ తలుపు వృథా పోలేదు. దాన్ని పట్టుకునే ఇంజెక్షన్‌కి కేన్సర్ మందు కట్టి పంపే పద్ధతికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు కీమోకి లొంగని అండాశయ కేన్సర్‌లో, ఆ తలుపులు బాగా ఉన్నవాళ్ళకి అది పనికొస్తోంది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు పెరిగినప్పుడు ఫార్బర్ ఏం చేశారో, 2006 తర్వాత వాళ్ళూ అదే చేశారు. ఓటమిని దాచకుండా చెప్పి, ఎందుకు ఓడామో చూసుకున్నారు.

ఇదంతా వదినకి, అన్నయ్యకి వీలైనంత సులువుగా చెప్పాను. మేనల్లుడికి ఫోనులో చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే ఇప్పుడేం చేద్దాం అత్తా అని అడిగాడు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పిన దారి ఉంది కదా, ముందు అదే నడుద్దాం అన్నాను. మూడు కీమోలు, ఆపరేషన్, మళ్ళీ మూడు కీమోలు. ఇప్పటికి ఐదో కీమో అయింది. వదినకి జుట్టు పోయింది, తలకి పైట చుట్టుకుని పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. వచ్చే స్కానింగులో ఏముంటుందో మాకు తెలియదు. లంకలో ఎకరం మాత్రం అలాగే ఉంది. రేపు నిజంగా పనికొచ్చే మందేదైనా అవసరమైతే అప్పుడు చూసుకుంటాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కష్టం వచ్చి, కొత్త వైద్యం ఉందని ఎవరైనా ఆశపెడితే, మూడు ప్రశ్నలు అడగండి. ఈ కేన్సర్‌కి ఈ మందుకి అనుమతి ఉందా, ఇంకా ప్రయోగమా? ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చారు, వాళ్ళకేమైంది? ప్రయోగమైతే నన్ను డబ్బెందుకు అడుగుతున్నారు? సక్రమంగా జరిగే ప్రయోగాల్లో ప్రయోగపు మందుకి సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

ఇంకో మాట. పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం... ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే వాము నమిలి ఊరుకోకండి. నూటికి తొంభై పాళ్ళు మామూలు కారణమే అయ్యుండొచ్చు. అయినా ఒకసారి ఆడవాళ్ళ డాక్టరుకి చూపించుకోండి. మా వదిన మూడు నెలలు ఊరుకుంది. మీరు ఊరుకోకండి.

మీ ఊరి నర్సమ్మ ఈసారి మాత్రల అట్ట చేతిలో పెట్టినప్పుడు, నగలు అమ్మిన వెంకమ్మ గారినీ, ఎదురుచూసిన శేషగిరి గారినీ, బొంబాయి మిల్లుల్లో పనిచేసిన పేరు తెలియని ఆ ఆడవాళ్ళనీ ఒక్క క్షణం తలుచుకోండి. ఆ మాత్రలో వాళ్ళ వాటా కూడా ఉంది.